అటక మీంచి దిగిన రివాల్వర్ ఒర: నా అనుభవం

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను చెన్నైని ముంచినప్పుడు వేళచ్చేరిలో మా మేనత్త ఇంట్లోకి మోకాళ్ళ లోతు నీళ్ళు వచ్చాయి. అటక మీది ట్రంకుపెట్టెకి నీళ్ళు అంటలేదు. అయినా కరెంటు లేని ఆ రోజులూ, సంక్రాంతి దాటినా గోడల్లో ఆరని చెమ్మా వాటి పని అవి చేశాయి. పెట్టె తెరిచేసరికి పట్టుచీరల మడతల మీద, దస్తావేజుల మీద, అడుగున పాత తువ్వాలులో చుట్టి పెట్టిన రివాల్వర్ తోలు ఒర మీద తెల్లగా బూజు. చీరల సంగతి అత్తయ్య చూసుకుంది. దస్తావేజులు అన్నయ్య పట్టుకెళ్ళాడు. ఒరని నేను అడిగి తెచ్చుకున్నాను.

అది మిలిటరీ రివాల్వర్ హోల్‌స్టర్. మా ఇంట్లో అందరం ఒర అనే అంటాం. రివాల్వర్ పిడిని కూడా పూర్తిగా కప్పేసే మూత, మూతని బిగించే పట్టీ, పట్టీ చిల్లులో దూరే ఇత్తడి గుండీ, వెనకవైపు నడుం బెల్టు దూర్చడానికి వెడల్పాటి తోలు పట్టీ. మా ముత్తాత సైన్యంలో ఇంజనీరింగ్ పనులు చూసే దళమైన మద్రాస్ సాపర్స్‌లో పనిచేసి, మొదటి ప్రపంచ యుద్ధంలో ఇరాక్‌లోని బస్రా దాకా వెళ్ళొచ్చాడు. ఒర ఆయనదేనని చిన్నప్పటి నుంచీ విన్నాం. పెరంబూరు ఇంట్లో ఆయన ఫోటో కింద మేకుకి వేలాడుతూ ఉండేది. ఆ మేకు నుంచి వేళచ్చేరి అటక దాకా దాని ప్రయాణమంతా ఈ మహానగరంలోనే జరిగింది.

తెచ్చుకున్న మొదటి వారంలో చూసిన ప్రతివాళ్ళూ ఒకే మాట చెప్పారు: నూనె పట్టించు. కొబ్బరినూనె అని ఒకరు, ఆముదం అని ఒకరు, గుర్రపు జీనులకి వాడే నీట్స్‌ఫుట్ ఆయిల్ తెప్పించుకోమని ఇంకొకరు. పాత సైనిక వస్తువులు అమ్మే ఒకాయన ఫోన్లో ఫోటోలు చూసి, కుట్టు కొత్తగా వేయించి, నల్ల పాలిష్ పట్టించి తెస్తే మంచి రేటు వస్తుందన్నాడు. అమ్మే ఉద్దేశం నాకు లేదు. కానీ తోలు మీద వేలు పెట్టినప్పుడల్లా ఇటుక రంగు పొడి అంటుకుంటోంది. ఏదో ఒకటి చేయాలి. ఏం చేయాలో తెలిసే దాకా ఏమీ చేయకూడదని మాత్రం మొదటి రోజే నిర్ణయించుకున్నాను.

మా స్నేహితుడి మామగారు క్రోంపేట, పల్లావరం తోలు ఫ్యాక్టరీల్లో జీవితమంతా పనిచేసి రిటైరయ్యారు. గుంటూరు జిల్లా మనిషి. ఆయన్ని అందరూ మాస్టారు అనే పిలుస్తారు. అడయారులో 1948లో పెట్టిన కేంద్ర తోలు పరిశోధన సంస్థ గురించి, దాని డైరెక్టరుగా పనిచేసిన యలవర్తి నాయుడమ్మ గారి గురించి ఆయన మాట్లాడుతుంటే సొంత ఊరి కబుర్లు చెబుతున్నట్టే ఉంటుంది. చెప్పులు కుట్టేవాడి పనిముట్ల దగ్గర్నుంచి ప్రయోగశాల దాకా తోలు పనికి గౌరవం తెచ్చిన తెలుగువాడని నాయుడమ్మ గారి పేరు ఎత్తినప్పుడల్లా మాస్టారి గొంతు మారుతుంది. 1985లో కనిష్క విమానం పేలిపోయినప్పుడు అందులో నాయుడమ్మ గారు కూడా ఉన్నారని వాళ్ళింట్లోనే నాకు తెలిసింది.

మాస్టారు ఒరని చేతిలోకి తీసుకోలేదు. బల్ల మీద తెల్లగుడ్డ పరిపించి, దాని మీద పెట్టమన్నారు. ఇంకో చిన్న తెల్లగుడ్డ ముక్కతో మూత అంచుని మెల్లగా తాకారు. గుడ్డ ఎర్రబారింది. వెనకవైపు తాకారు. గుడ్డ తెల్లగానే ఉంది.

"ముందువైపు ఎర్రకుళ్ళు పట్టింది బాబూ. వెనకవైపు ఇంకా ప్రాణం ఉంది. ఇది ఎక్కడ వేలాడేది?" అని అడిగారు.

పెరంబూరు రైల్వే క్వార్టర్స్‌లో, ముందు గదిలో, కిటికీ పక్కన అని చెప్పాను. మా తాతయ్య మిలిటరీ నుంచి వచ్చాక రైల్వేలో చేరి, అక్కడే రిటైరయ్యాడు. మాస్టారు తల ఊపారు. ఆ కాలంలో పెరంబూరంటే ఆవిరి ఇంజన్లు, బొగ్గుపొగ. బొగ్గు కాలితే గంధకపు వాయువు వస్తుంది. చెట్ల బెరడు (చెక్క)తో ఊనిన, అంటే కుళ్ళకుండా పదును చేసిన తోలు ఆ వాయువుని పీల్చుకుంటుంది. లోపల అది మెల్లగా గంధకామ్లంగా మారి, తోలుకి బలాన్నిచ్చే కొల్లాజెన్ పోగుల్ని తెంపేస్తుంది. చివరికి తోలు పొడిపొడిగా రాలుతుంది. ఇంగ్లీషువాళ్ళు రెడ్ రాట్ అనేది దీన్నే. అన్ని తోళ్ళకీ ఇది ఒకేలా రాదని కూడా ఆయనే చెప్పారు. మన దక్షిణాదిలో బాగా వాడిన తంగేడు చెక్క లాంటివాటిలోని టానిన్లు, అంటే చర్మాన్ని ఊనే పదార్థాలు, ఈ ఆమ్లానికి త్వరగా లొంగుతాయి. కరక్కాయలో ఉండే రకం టానిన్లు ఎక్కువ తట్టుకుంటాయి. ఒర ముందువైపు దశాబ్దాల పాటు పొగకి ఎదురుగా ఉంది. వెనకవైపు గోడని ఆనుకుని ఉంది. బెల్టు పట్టీ కిందకి తొంగి చూస్తే, తోలు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన నాటి లేత గోధుమ రంగులోనే ఉంది.

ఎర్రకుళ్ళు పట్టిన తోలుని వెనక్కి మళ్ళించే మందు లేదు. ఈ సంగతి ఎవరైనా మొదట వినాలి. తెగిన పోగులు మళ్ళీ అతకవు. నూనె రాస్తే పొడి కొద్దికాలం తడిగా ఉండి రాలడం ఆగినట్టు కనిపిస్తుంది, అంతే. తోలు నల్లబడుతుంది, జిగురుబారుతుంది, బూజుకి మేతవుతుంది. నీళ్ళు తగిలితే ఇంకా ఘోరం. ఆమ్లం పట్టిన తోలు మీద తడిగుడ్డ పెట్టిన చోటల్లా నల్లగా గట్టిపడిపోతుంది, ఆ మచ్చ ఇక పోదు. జీనులకి వాడే సబ్బు కూడా నీళ్ళతోనే పని కాబట్టి దానికీ ఇదే లెక్క.

ముందు బూజు సంగతి. తెల్లగా కనబడిందంతా బూజు కాదని భూతద్దంలో చూస్తే తెలిసింది. మూత మీద చుక్కలు చుక్కలుగా, నూగులా ఉన్నది బూజు. కుట్ల వెంబడి పలచగా, మైనంలా పేరుకున్నది వేరు. తోలు ఊనేటప్పుడు పట్టించిన కొవ్వూ, తర్వాత ఇంట్లో రాసిన నూనే మెల్లగా పైకి ఉబికి గడ్డకట్టిన పొర అది. తేడా కనిపెట్టడానికి మాస్టారు సులువైన దారి చెప్పారు. జుట్టు ఆరబెట్టుకునే డ్రైయర్ని తక్కువ వేడిలో, దూరంగా పట్టుకుని ఒక్క క్షణం ఊదితే కొవ్వు కరిగి మాయమవుతుంది. బూజు అలాగే ఉంటుంది. కుట్ల దగ్గర ఒకే ఒక్క చోట అలా ఊది చూసి, డ్రైయర్ పక్కన పెట్టేశాను. కుళ్ళిన తోలుకి వేడి పగ. కొత్త తోలు ముడుచుకుపోవడానికి 75 డిగ్రీలు దాటిన వేడి కావాలి, ఇలా పాడైనది అంతకంటే చాలా తక్కువకే ముడుచుకుపోతుంది.

బూజుని తడిగా తుడవకూడదు. ముందు ఆరనివ్వాలి. ఏసీ ఉన్న గదిలో, తేమ కొలిచే చిన్న మీటరు పక్కన పెట్టుకుని, ఒరని బల్ల మీద వదిలేశాను. చెన్నైలో ఈశాన్య రుతుపవనాల నెలల్లో గాలిలో తేమ 80 శాతం దాటడం మామూలే. 65 దాటితే బూజు లేవడానికి అదను. 50 దగ్గర నిలబెట్టాలని చూశాను. మరీ తగ్గించినా తోలు బిర్రుగా మారి పగులుతుంది. తొందరపడి తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో బిగించేస్తే మొదటి వారంలోనే మడత దగ్గర చీలిక వచ్చే ప్రమాదం ఉంది, అందుకే ఆ దారి పట్టలేదు. నూగు పొడిబారాక మేడ మీద నీడలో, ముక్కుకి ఎన్95 మాస్కు కట్టుకుని, మెత్తటి బొచ్చు బ్రష్షుతో దులిపాను. వాక్యూమ్ క్లీనర్ గొట్టానికి పల్చటి మల్లుగుడ్డ కట్టి, దుమ్ము దానిలోకి పోయేలా పక్కన పెట్టుకున్నాను. గుడ్డ ఎందుకంటే, తోలు పెచ్చు ఏదైనా ఊడితే గొట్టంలోకి పోకుండా అక్కడే ఆగుతుంది.

మూత లోపలి అంచున సన్నటి పురుగు చిల్లులు కొన్ని ఉన్నాయి. లోపల పురుగు బతికి ఉందో లేదో తేల్చుకోవడానికి ఒరని కొన్ని రోజులు నల్లకాగితం మీద ఉంచాను. చిల్లుల కింద కొత్త పొడి రాలలేదు. పాత గాయాలే.

దులుపుతున్నప్పుడే ఒర నోట్లోంచి కాగితం ఉండ ఒకటి బయటికి వచ్చింది. ఆకారం పోకుండా ఎవరో ఎప్పుడో కుక్కిన ఆంధ్రపత్రిక. మద్రాసు నుంచి వెలువడే రోజుల నాటిది. తేదీ ఉన్న మూల చిరిగిపోయింది. వార్తాకాగితంలోని ఆమ్లం తోలుకి మంచిది కాదు కాబట్టి దాన్ని వేరే కవరులో భద్రపరిచాను.

ఆ తర్వాత జరిగింది నేను ఎదురుచూడనిది. బూజు పోయిన మూత లోపలివైపు టార్చిలైటుని అడ్డంగా, దాదాపు తోలుకి ఆనించినట్టు పట్టుకుని చూశాను. నేరుగా వెలుతురు వేస్తే కనబడని అచ్చు అలా పక్కవాటు వెలుతురులో నీడ తేలి కనబడుతుంది. మొదట బాణం గుర్తు. బ్రిటిష్ ప్రభుత్వ సామగ్రి మీద వేసే బాణం. దానికి జతగా ఐ అక్షరం, అంటే ఇండియా. దాని కింద, సగం అరిగిపోయినా చదవగలిగేలా, 1942.

మా ముత్తాత 1942కి ముందే పోయారు.

నమ్మబుద్ధి కాక కొలతలు తీశాను. మొదటి యుద్ధంలో బ్రిటిష్, భారతీయ సైన్యాల్లో వాడిన పెద్ద వెబ్లీ రివాల్వర్, అంటే 1915లో ప్రవేశపెట్టిన మార్క్ 6, పాయింట్ 455 అంగుళాల కాలిబర్ (తూటా లావు)‌ది. గొట్టం 6 అంగుళాలు, మొత్తం పొడవు 11 అంగుళాల పావు. రెండు యుద్ధాల మధ్య సైన్యం తేలికైన పాయింట్ 38కి మారింది. ఆ ఎన్‌ఫీల్డ్ నంబర్ 2 రివాల్వర్‌కి గొట్టం 5 అంగుళాలు, మొత్తం పొడవు 10 అంగుళాల పావు. తోలు తనలో పెట్టుకున్న వస్తువు ఆకారాన్ని వదలదు. తూటాల చక్రం ఆనిన చోట గుండ్రటి ఉబ్బు స్పష్టంగా ఉంది. రెండు రివాల్వర్ల కొలతలకీ అట్టముక్కలు కత్తిరించి, లోపల దూర్చకుండా బయటే పక్కన ఆనించి చూశాను. పెద్ద వెబ్లీ అట్ట అడుగు కుట్టుని దాటిపోయింది. చిన్నది, చక్రం ఉబ్బుతో సహా, సరిగ్గా కూర్చుంది.

ఒర ముత్తాతది కాదు. 1941లో సైన్యంలో చేరి, జమేదారుగా బర్మా వైపు వెళ్ళొచ్చిన మా తాతయ్యది. ఆ యుద్ధం గురించి ఆయన మా ఎవరితోనూ ఒక్క ముక్క మాట్లాడలేదు. తన తండ్రి ఫోటో కింద తన ఒరని తగిలించి, చూసినవాళ్ళు అది ఆయనదేననుకుంటే అనుకోనిచ్చాడు. అత్తయ్యకి ఫోన్లో చెప్తే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాన్న ఏటా ఆయుధపూజకి దాన్ని ఎవ్వర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు నాయనా, తనే బొట్టు పెట్టేవాడు" అంది.

ఆ బొట్టు గురించి చెప్పాలి. మూత మీద, పట్టీ మీద, గుండీ చుట్టూ కుంకుమ, గంధం మరకలు పొరలు పొరలుగా ఉన్నాయి. ఇత్తడి గుండీ చుట్టూ ఆకుపచ్చగా, మైనంలా చిలుము పేరుకుంది. ఏటా పూజకి ముందు రాసిన కొబ్బరినూనె ముక్కిపోయి, అందులోని కొవ్వు ఆమ్లాలు ఇత్తడిలోని రాగితో కలిసి ఆ పచ్చదనాన్ని తయారుచేశాయి. ప్రేమతో రాసిన నూనే. ఎవర్నీ తప్పుపట్టే పని లేదు, చెప్పులకీ జీనులకీ నూనె రాయడం మనకి తరతరాలుగా ఉన్న అలవాటే. కాకపోతే రోజూ వాడి, అరిగాక పారేసే తోలుకి సరిపోయే పద్ధతి, దాచుకునే తోలుకి సరిపోదు.

చిలుముని తీయాల్సిందే, వదిలేస్తే అది తోలుని తింటూ పోతుంది. ఇంట్లో ఇత్తడి అనగానే చేయి చింతపండు మీదికి పోతుంది. ఇక్కడ చింతపండు గానీ, మెరుగుపెట్టే ద్రావకాలు గానీ వాడకూడదు. పులుపు కారి తోల్లోకి దిగుతుంది. గుండీ చుట్టూ పల్చటి ప్లాస్టిక్ షీటుకి చిల్లు చేసి తొడిగి, తోలుని కప్పి, వెదురు పుల్లతో ఆకుపచ్చ ముద్దని మెల్లగా గీకాను. మిగిలిన జిడ్డుని, దూదిపుల్లకి వైట్ స్పిరిట్ (పెయింట్లని పలచన చేసే ద్రావకం) ఒక్క చుక్క తగిలించి తీశాను. గుండీని తళతళలాడించలేదు. ఎనభై ఏళ్ళ ఇత్తడి ముదురు రంగులో ఉండడమే దానికి అందం.

కుంకుమని మాత్రం ముట్టుకోలేదు. మాస్టారితో ఈ విషయం మీద కాసేపు వాదన కూడా జరిగింది. మరకల్లో ఏముందో, అది తోలుకి ఏం చేస్తుందో చెప్పలేమని, తీసేయడమే మేలని ఆయన మాట. నాకు మాత్రం బాణం గుర్తు ఎంత సాక్ష్యమో ఆ బొట్టూ అంతే సాక్ష్యం. ఫ్యాక్టరీ వేసిన ముద్ర ఒకటి, మా తాతయ్య వేసిన ముద్ర ఇంకొకటి. కుంకుమ ఉన్న చోట తోలు మిగతా చోట్ల కంటే ఎక్కువ పాడవలేదని భూతద్దంలో ఆయనకే చూపించాను. అప్పుడు ఒప్పుకున్నారు.

ఇక ఎర్రపొడి. నయం చేయలేకపోయినా రాలకుండా పట్టి ఉంచవచ్చు. ప్రపంచమంతటా తోలు భద్రపరిచేవాళ్ళు దీనికి హైడ్రాక్సీప్రొపైల్ సెల్యులోజ్ వాడతారు. క్లూసెల్ జి అనే పేరుతో దొరుకుతుంది. మందుబిళ్ళలు విడిపోకుండా పట్టి ఉంచడానికి వాడేది కూడా ఈ సెల్యులోజే. దీని గొప్పదనమేమిటంటే నీళ్ళలోనే కాకుండా ఆల్కహాల్‌లోనూ కరుగుతుంది, అంటే నీటి చుక్క తగలకుండా తోల్లోకి పంపవచ్చు. జార్జ్‌టౌన్‌లో ల్యాబ్ కెమికల్స్ అమ్మే వీధుల్లో తిరిగి పొడి కొన్నాను. ఇథనాల్ మామూలు మనిషికి దొరకడం కష్టం కాబట్టి, తేమ లేని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తీసుకున్నాను. 100 మిల్లీలీటర్లకి 2 గ్రాముల చొప్పున చల్లి, రాత్రంతా వదిలేస్తే పల్చటి గంజిలా తయారవుతుంది.

ముందు మూత అడుగున, ఎవరికీ కనబడని మూలలో గోరంత చోట రాసి రెండు రోజులు ఆగాను. రంగు ఒక్క పిసరు ముదిరింది, గట్టిపడలేదు. అప్పుడు కిటికీలన్నీ తీసి, వంటింట్లో స్టవ్ ఆర్పి, మెత్తటి కుంచెతో ముందువైపు పూశాను. కుంచెని రుద్దకూడదు, ఆనించి వదలాలి, తోలు తనంతట తాను తాగుతుంది. ఒక పూత పూర్తిగా ఆరాక ఇంకొకటి. తర్వాత తెల్లగుడ్డతో తాకితే గుడ్డ తెల్లగానే వచ్చింది. ఈ మొత్తం పనిలో నాకు దక్కిన గొప్ప ఆనందం ఆ గుడ్డే. వెనకవైపు, బెల్టు పట్టీ మీద ఏమీ పూయలేదు. బాగున్న తోలుకి మందెందుకు?

అడుగున కుట్టు కొంత మేర విప్పుకుంది. పెరియమేట్ తోలు బజారులో జీనులు కుట్టిన అనుభవం ఉన్న ఒక పెద్దాయన్ని పట్టుకుని చూపించాను. ఆయన కుట్టనన్నాడు. అరవంలో ఆయన చెప్పినదాని సారం ఇది: పాత చిల్లుల మధ్య తోలు బలం పోయింది, కొత్త దారం బిగిస్తే తపాలా బిళ్ళలు చిరిగినట్టు వరసగా చిరిగిపోతుంది. డబ్బులు వచ్చే పనిని వద్దని చెప్పిన ఆ మనిషి మీద నాకు గౌరవం కలిగింది. ఇంటికొచ్చి, మొండి సూదితో, రంగు వేయని నూలు దారంతో, పాత చిల్లుల్లోంచే అక్కడక్కడా వదులుగా ముడివేశాను. కొత్త చిల్లు ఒక్కటీ పొడవలేదు. రేపు ఎవరైనా తీసేయాలంటే కత్తెరతో కత్తిరిస్తే చాలు.

ఒక పక్కింటాయన, ఇంట్లో రివాల్వర్ ఒర పెట్టుకుంటే పోలీసులతో ఇబ్బంది కదా అని భయపెట్టాడు. 1959 ఆయుధాల చట్టం ఆయుధాలకీ తూటాలకీ వర్తిస్తుంది, ఖాళీ తోలు ఒరకి లైసెన్సు అక్కర్లేదు. అయితే ఇలాంటి పాత సామాను పెట్టె తెరిచేవాళ్ళు ఒరతో వచ్చిన చిన్న సంచుల్లో, గొట్టాల్లో తూటా ఏదైనా ఉండిపోయిందేమో తప్పకుండా చూసుకోవాలి. ఉంటే దాచుకోకుండా పోలీసులకి చెప్పాలి. పురావస్తువుల చట్టం 1972 నాటిది, దాని లెక్కన పురావస్తువు అనిపించుకోవాలంటే మామూలు వస్తువుకి కనీసం 100 ఏళ్ళు నిండాలి. మాది 1942ది కాబట్టి ఇంకా దాని కిందికి రాదు. మొదటి యుద్ధం నాటి ఒర ఉన్నవాళ్ళు మాత్రం దాన్ని విదేశాలకి పంపే ఆలోచన పెట్టుకోకూడదు.

దాచే పద్ధతి తేలికే. పాలిథిన్ సంచి పనికిరాదు, లోపలి తేమని బయటికి పోనివ్వదు. బాగా ఉతికి ఉతికి మెత్తబడిన, గంజి పెట్టని పాత పంచె ముక్కల్ని ఉండలు చుట్టి, రివాల్వర్ ఆకారం వచ్చేలా వదులుగా నింపాను. గంజి ఉంటే వెండిపురుగులు చేరతాయి. గుండీకి పట్టీ బిగించలేదు, మూతని పూర్తిగా మూయలేదు, మడత దగ్గర తోలుకి శ్రమ తగ్గాలి. అట్టపెట్టెలో పడుకోబెట్టి, బయటి గోడని ఆనుకోని బీరువాలో, మధ్య అరలో పెట్టాను. లైసెన్సుతో రివాల్వర్ ఉన్నవాళ్ళకి ఒక మాట: దాన్ని తోలు ఒరలో పెట్టి నిల్వ చేయకండి. తోల్లోని ఆమ్లం, తేమ కలిసి ఇనుముకి తుప్పు తెస్తాయి.

ఈ ఏడు ఆయుధపూజకి అత్తయ్య మా ఇంటికి వచ్చింది. ఒరని పెట్టెతో సహా పీట మీద పెట్టాం. నూనె రాయలేదు. బొట్టు పెట్టెకి పెట్టింది. ముత్తాత ఫోటో పక్కన ఈసారి తాతయ్య యూనిఫాంలో ఉన్న చిన్న ఫోటో కూడా పెట్టింది, అది తన దగ్గర ఉందని మాకెవరికీ తెలియదు. ఆ ఫోటోలో ఒర ఆయన నడుముకి, శామ్ బ్రౌన్ బెల్టుకి ఉంది. 1858లో యుద్ధంలో ఎడమ చేయి పోగొట్టుకున్న శామ్ బ్రౌన్ అనే అధికారి, ఒంటిచేత్తో కత్తి దూయడానికి వీలుగా రూపొందించుకున్న బెల్టు అది, భుజం మీంచి అడ్డంగా వచ్చే పట్టీతో. బెల్టు ఏమైందని అడిగితే, చిత్తూరులో చిన్నాన్న గారింట్లో ఉందని చెప్పింది. ఆ సాయంత్రమే చిన్నాన్నకి ఫోన్ చేశాను. నేను వచ్చి చూసే దాకా దానికి ఏమీ రాయొద్దని, పాలిథిన్ సంచిలో ఉంటే ఇప్పుడే బయటికి తీసి నీడలో పరవమని చెప్పాను. సంచిలోనే ఉందట. తీసి బల్ల మీద పరిచి, బకిల్ దగ్గర ఆకుపచ్చగా ఉందని ఫోటో పంపాడు. వచ్చే ఆదివారం వెదురు పుల్లలు, దూది తీసుకుని చిత్తూరు వెళ్తున్నాను.